డెవ్‌ఎం మెమరీ, తెరిచి ఉన్న ఫైల్: అన్‌బైండ్ చేస్తే కెర్నల్ ఎందుకు పడిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. లైనక్స్ కెర్నల్ కోసం క్యారెక్టర్ డివైస్ (ప్రోగ్రాంలు ఫైల్‌లా తెరిచి వాడే డివైస్) ఇచ్చే ప్లాట్‌ఫాం డ్రైవర్ ఒకటి రాశారు. ప్రైవేట్ స్ట్రక్చర్‌ని డెవ్‌ఎం_కేజడ్‌అలాక్‌తో (డ్రైవర్ విడిపోగానే కెర్నలే వదిలేసే డెవ్‌ఎం రకం మెమరీ) తీసుకున్నారు, రిజిస్టర్ల మ్యాపింగూ ఇంటరప్టూ కూడా డెవ్‌ఎంతోనే, అందువల్ల రిమూవ్‌లో (డ్రైవర్‌ని డివైస్ నుంచి విడదీసేటప్పుడు కెర్నల్ పిలిచే ఫంక్షన్; కలిపేటప్పుడు పిలిచేది ప్రోబ్) సీడెవ్_డెల్ (క్యారెక్టర్ డివైస్‌ని తీసేసే కాల్) తప్ప ఇంకేమీ లేదు. ఏదో అప్లికేషన్ ఫైల్ తెరిచి పెట్టుకుని ఉండగా సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్ తన డివైస్‌లని, డ్రైవర్లని ఫైళ్లుగా చూపించే చోటు) నుంచి అన్‌బైండ్ చేస్తే, అంటే డ్రైవర్‌ని డివైస్ నుంచి విడదీస్తే, అప్పటికప్పుడు ఏమీ కాదు, కానీ తర్వాత ఆ అప్లికేషన్‌ని ఆపినప్పుడు ఊప్స్ (కెర్నల్ పడిపోయిందని చెప్పే రిపోర్ట్) వస్తోంది. డెవ్‌ఎం వల్లేనేమో అని మామూలు కేజడ్‌అలాక్‌కి మార్చి రిమూవ్‌లో కేఫ్రీ (మెమరీ వదిలే కాల్) పెట్టినా అదే కథ. ఫైల్ ఆపరేషన్స్‌లో ఓనర్ పెట్టే ఉంది. ఇంత గొడవెందుకు, అన్‌బైండ్‌నే ఆపేస్తే సరిపోదా అని చివర్లో అడిగారు.

సూటిగా చెబుతాను. తెరిచిన ఫైల్ ఏ మెమరీని ముట్టుకోగలదో ఆ మెమరీని ప్రోబ్-రిమూవ్ జంటకు కట్టకూడదు. ఆ స్ట్రక్చర్ లోపలే ఒక స్ట్రక్ట్ డివైస్ పెట్టండి, మెమరీని ఆ డివైస్ రిలీజ్ కాల్‌బ్యాక్‌లో మాత్రమే వదలండి, క్యారెక్టర్ డివైస్‌ని సీడెవ్_డివైస్_యాడ్‌తో దానికి ముడివేయండి. రిమూవ్‌లో చేయాల్సింది మెమరీ వదలడం కాదు: కొత్తవాళ్లని రానివ్వకపోవడం, హార్డ్‌వేర్‌ని ఆపడం, లోపల ఉన్నవాళ్లకి హార్డ్‌వేర్ పోయిందని తెలియజేయడం, చివరగా మీ రిఫరెన్స్ ఒక్కటి వదిలేసి పక్కకి తప్పుకోవడం. డెవ్‌ఎంని పూర్తిగా మానేయక్కర్లేదు. అది తప్పు చోట వాడారు, అంతే.

ఎందుకో చెప్పాలంటే మీ డ్రైవర్లో రెండు ఆయుష్షులు ఉన్నాయి. ఒకటి హార్డ్‌వేర్‌తో డ్రైవర్ కలిసి ఉండే కాలం, అంటే ప్రోబ్ నుంచి రిమూవ్ దాకా. రెండోది మీ ఆబ్జెక్ట్‌ని ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంత కాలం. ఫైల్ తెరిచిన ప్రాసెస్ కావచ్చు, ఎమ్‌మ్యాప్ చేసుకున్నవాడు (డివైస్ మెమరీని తన మెమరీలోకి తెచ్చుకున్నవాడు) కావచ్చు, తర్వాత చేయడానికి క్యూలో ఉన్న వర్క్ ఐటమ్ కావచ్చు. మొదటిది డ్రైవర్ కోర్ చేతిలో ఉంటుంది. రెండోది యూజర్ స్పేస్ చేతిలో ఉంటుంది, దానికి గడువంటూ లేదు. ఒక ప్రాసెస్ నెల రోజులు ఫైల్ మూయకపోయినా మీరు చేయగలిగిందేమీ లేదు.

డెవ్‌ఎం అనేది పూర్తిగా మొదటి రకానిది. 2007లో కెర్నల్ 2.6.21తో వచ్చినప్పటి నుంచి అది ఇస్తున్న హామీ ఒక్కటే: ప్రోబ్ విఫలమైతేనో, రిమూవ్ ముగిసి తిరిగొచ్చాకనో, తీసుకున్నవాటిని తీసుకున్న క్రమానికి సరిగ్గా తలకిందులుగా వదిలేస్తాను అని. క్లాకులు, రెగ్యులేటర్లు, ఐఓరీమ్యాప్, జీపీఐఓ లాంటివాటికి ఇది అచ్చంగా కావలసిందే, ఎందుకంటే హార్డ్‌వేర్ పోయాక వాటితో ఎవరికీ పని లేదు. తెరిచి ఉన్న ఫైల్ డిస్క్రిప్టర్ల సంగతి డెవ్‌ఎంకి తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. "డివైస్ మేనేజ్డ్ మెమరీ" అనగానే చాలామంది దీన్ని జావాలో గార్బేజ్ కలెక్టర్ లాంటిదేదో అనుకుంటారు. ఎవరైనా పట్టుకుని ఉన్నారా లేదా అని అది చూడదు, రిమూవ్ అయిపోయిందా అని మాత్రమే చూస్తుంది.

కాబట్టి కేఫ్రీకి మార్చినా అదే ఫలితం రావడంలో వింత లేదు. ముందు రిమూవ్ తిరిగొచ్చిన మరుక్షణం వదిలేవారు, ఇప్పుడు రిమూవ్ లోపలే వదులుతున్నారు. నిజానికి ఇంకొంచెం అధ్వానం: డెవ్‌ఎంతో తీసుకున్న ఇంటరప్ట్ రిమూవ్ అయ్యేదాకా బతికే ఉంటుంది, మీరేమో లోపలే మెమరీ వదిలేశారు. ఆ మధ్యలో ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ నేరుగా వదిలేసిన మెమరీలోకి వెళ్తుంది.

ఓనర్ విషయంలో కూడా ఒక అపోహ ఉంది. ఓనర్ ఫీల్డ్ కాపాడేది మాడ్యూల్ కోడ్‌ని, మీ డేటాని కాదు. ఫైల్ తెరిచి ఉంటే ఆర్‌ఎమ్‌మాడ్ (మాడ్యూల్‌ని తీసేసే కమాండ్) "వాడుకలో ఉంది" అని నిరాకరిస్తుంది కదా, దాన్ని చూసి మన డ్రైవర్ భద్రం అనుకుంటాం. అన్‌బైండ్‌కి మాడ్యూల్ కౌంట్‌తో సంబంధమే లేదు. యూఎస్‌బీ కేబుల్ పీకేసినా, పీసీఐ హాట్‌ప్లగ్ జరిగినా, డివైస్ ట్రీ ఓవర్‌లే (నడుస్తుండగా హార్డ్‌వేర్ వివరణకి కలిపే ముక్క) తీసేసినా అంతే, ఎవరినీ అడగకుండా రిమూవ్ వచ్చేస్తుంది. ఆర్‌ఎమ్‌మాడ్‌తో మాత్రమే టెస్ట్ చేసిన డ్రైవర్‌ని నేను టెస్ట్ చేయని డ్రైవర్ కిందే లెక్కేస్తాను.

ఇక అసలు నిర్మాణం. స్ట్రక్చర్‌లో స్ట్రక్ట్ డివైస్ ఒకటి, స్ట్రక్ట్ సీడెవ్ ఒకటి, రెండూ పాయింటర్లుగా కాకుండా నేరుగా పొదిగి పెట్టండి. ప్రోబ్‌లో మామూలు కేజడ్‌అలాక్‌తో మెమరీ తీసుకోండి, డివైస్_ఇనిషియలైజ్ పిలవండి, పేరెంట్, క్లాస్, రిలీజ్ నింపండి, పేరు పెట్టండి, సీడెవ్_ఇనిట్ చేయండి, మిగతా హార్డ్‌వేర్ పనులన్నీ పూర్తి చేసుకోండి, అన్నీ సిద్ధమయ్యాక ఆఖర్న సీడెవ్_డివైస్_యాడ్. ఇది ఆఖర్నే ఉండాలి, ఎందుకంటే ఆ కాల్ పూర్తవకముందే యూడెవ్ (డివైస్ ఫైళ్లని చూసుకునే ప్రోగ్రాం) మీ ఫైల్ తెరిచేయగలదు. ఇంకా ఇనిషియలైజ్ చేయని లాక్ మీద రీడ్ వచ్చి పడితే ఆ బగ్ మీ మెషీన్‌లో ఎప్పటికీ కనపడదు, కస్టమర్ దగ్గర మాత్రం వారానికోసారి కనపడుతుంది.

ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. డివైస్_ఇనిషియలైజ్ పిలిచిన క్షణం నుంచి ఆ మెమరీ మీది కాదు, రిఫరెన్స్ కౌంట్‌ది. ఆ తర్వాత ఏ ఎర్రర్ దారిలోనైనా కేఫ్రీ పిలవకూడదు, పుట్_డివైస్ (మీ రిఫరెన్స్ ఒకటి వదిలే కాల్) మాత్రమే. రివ్యూల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే: సీడెవ్_డివైస్_యాడ్ ఫెయిలైతే గోటూ లేబుల్‌కి వెళ్లి కేఫ్రీ. పైకి పనిచేసినట్టే ఉంటుంది, కానీ డెవ్_సెట్_నేమ్ పేరు కోసం విడిగా తీసుకున్న చిన్న మెమరీ ముక్క అలాగే ఉండిపోతుంది, దాన్ని వదిలేది కోబ్జెక్ట్ (డివైస్ లోపల రిఫరెన్స్ కౌంట్ పెట్టుకునే ఆబ్జెక్ట్) క్లీనప్ మాత్రమే. కేమెమ్‌లీక్‌లో (కెర్నల్ మెమరీ లీకులు పట్టే సాధనం) డివైస్ పేరు అక్షరాలా కనపడే పది, పదిహేను బైట్ల లీక్ చూస్తే నేరుగా ప్రోబ్ ఎర్రర్ దారి తెరిచి చూడండి, వెతుక్కోనక్కర్లేదు.

రిలీజ్‌లో ఏం చేయాలి? కంటైనర్_ఆఫ్‌తో మీ స్ట్రక్చర్‌కి వెళ్లి, మామూలు బఫర్లని వదిలి, మైనర్ నంబర్ (ఒకే డ్రైవర్ కింది డివైస్‌లని వేరు చేసే సంఖ్య) తిరిగిచ్చి, కేఫ్రీ. హార్డ్‌వేర్‌ని మాత్రం ముట్టుకోకూడదు. రిలీజ్ వచ్చేసరికి హార్డ్‌వేర్ ఎప్పుడో పోయి ఉండొచ్చు. మైనర్ నంబర్‌ని కొందరు రిమూవ్‌లోనే తిరిగిచ్చేస్తారు. పాత సీడెవ్‌ని పట్టుకున్నవాడు ఇంకా ఉండగా అదే నంబర్ కొత్త డివైస్‌కి వెళ్లడం నాకు నచ్చదు, అందుకే రిలీజ్‌లో పెడతాను.

రిలీజ్ ఫంక్షన్ పెట్టకపోతే కెర్నల్ ఊరుకోదు, "ఈ డివైస్‌కి రిలీజ్ ఫంక్షన్ లేదు, ఇది చెడిపోయి ఉంది, సరిచేయాలి" అన్న అర్థంలో పెద్ద వార్నింగ్ ఇస్తుంది. ఆ వార్నింగ్ నోరు మూయించడానికి ఖాళీ రిలీజ్ ఫంక్షన్ పెట్టేవాళ్లని చూశాను. అలా పెట్టిన డ్రైవర్ ఒకటి రివ్యూకి వస్తే మిగతా కోడ్ చదవకుండానే వెనక్కి పంపొచ్చు, ఎందుకంటే రాసినవాళ్లకి ఆ మెమరీని ఎవరు ఎప్పుడు వదలాలో తేలలేదని అదే చెబుతోంది.

సీడెవ్_డివైస్_యాడ్ (2017లో 4.12తో వచ్చింది) చేసే మేలు ఏమిటంటే, సీడెవ్ కోబ్జెక్ట్‌కి పేరెంట్‌గా మీ డివైస్‌ని పెడుతుంది. ఎవరైనా ఫైల్ తెరిస్తే సీడెవ్ మీద రిఫరెన్స్ పడుతుంది, సీడెవ్ ఉన్నంతకాలం డివైస్ ఉంటుంది, డివైస్ ఉన్నంతకాలం మీ స్ట్రక్చర్ ఉంటుంది. ఫైల్ మూసినప్పుడు మీ క్లోజ్ హ్యాండ్లర్ పూర్తయ్యాకే సీడెవ్ రిఫరెన్స్ పోతుంది. కాబట్టి ఓపెన్‌లో మీరు విడిగా గెట్_డివైస్ పిలవనవసరం లేదు. ఉత్త సీడెవ్_యాడ్ వాడితే ఈ ముడి ఉండదు, సీడెవ్ కౌంట్ సీడెవ్‌దే, దాని చుట్టూ ఉన్న మీ స్ట్రక్చర్ సంగతి అది పట్టించుకోదు. మీ ఊప్స్ సరిగ్గా అక్కడిదే: మీ క్లోజ్ హ్యాండ్లరే వదిలేసిన స్ట్రక్చర్‌ని చదివి ఉండాలి, లేదా అది ఎలాగో గట్టెక్కితే ఆ వెంటనే కెర్నల్ చేసే సీడెవ్_పుట్ అదే వదిలేసిన మెమరీలో ఉన్న సీడెవ్‌ని ముట్టుకుంది.

మిస్‌డివైస్ (చిన్న క్యారెక్టర్ డివైస్‌లకి కెర్నల్ ఇచ్చే సులువు పద్ధతి) వాడేవాళ్లకి ఒక మాట. అక్కడ ఈ ముడి లేదు, మీరే కేరెఫ్ (రిఫరెన్స్ కౌంటర్) పెట్టుకోవాలి: ప్రోబ్‌లో కేరెఫ్_ఇనిట్, ఓపెన్‌లో కేరెఫ్_గెట్, క్లోజ్‌లో, రిమూవ్‌లో కేరెఫ్_పుట్. ఓపెన్‌లో గెట్ చేసేలోపు రిమూవ్ దూరిపోతే ఎలా అని అనుమానం రావాలి, వచ్చిందంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. మిస్‌డివైస్ కోడ్ తన మ్యూటెక్స్ పట్టుకునే మీ ఓపెన్‌ని పిలుస్తుంది, మిస్_డీరిజిస్టర్ కూడా అదే మ్యూటెక్స్ పట్టుకుంటుంది, కాబట్టి ఆ సందు అక్కడ లేదు. ఒకే స్ట్రక్చర్‌లో రెండు రిఫరెన్స్ కౌంట్లు మాత్రం పెట్టకండి. లోపల స్ట్రక్ట్ డివైస్ ఉంటే అదే కౌంట్, పక్కన మళ్లీ కేరెఫ్ పెడితే రెండిట్లో ఏది ముందు సున్నా అవుతుందో దాన్ని బట్టి మీ రోజు ఉంటుంది.

ఇంతవరకు చేస్తే మెమరీ బతుకుతుంది. కానీ సగం పనే అయింది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మెమరీ ఉన్నంత మాత్రాన హార్డ్‌వేర్ ఉన్నట్టు కాదు. సీడెవ్_డివైస్_డెల్ తర్వాత కొత్తగా ఎవరూ తెరవలేరు, కానీ అప్పటికే తెరిచినవాళ్లు రీడ్, రైట్, ఐఓసీటీఎల్ (డివైస్‌కి ప్రత్యేక ఆదేశాలు పంపే కాల్) పిలుస్తూనే ఉండగలరు, ఆ ఫంక్షన్ పైన ఉన్న కామెంట్‌లోనే ఈ మాట రాసి ఉంది, చదివేవాళ్లు తక్కువ. రిమూవ్ తర్వాత డెవ్‌ఎం వచ్చి రిజిస్టర్ మ్యాపింగ్ తీసేస్తుంది, క్లాక్ ఆపేస్తుంది. అప్పుడు రీడ్ వచ్చి రిజిస్టర్ చదవబోతే పేజింగ్ ఎర్రర్‌తో ఊప్స్ వస్తే అదృష్టవంతులే. కొన్ని ఎస్‌ఓసీల్లో (ప్రాసెసర్, మిగతా బ్లాకులు అన్నీ ఒకే చిప్‌లో ఉండేవి) మ్యాపింగ్ ఇంకా ఉండి క్లాక్ మాత్రం ఆగిపోయిన సందర్భంలో రిజిస్టర్ చదివితే బస్సే స్తంభించిపోతుంది, సీరియల్ కన్సోల్‌లో ఒక్క అక్షరం రాదు, వాచ్‌డాగ్ రీసెట్ చేసేదాకా బోర్డు బిగుసుకుపోతుంది. అలాంటి బోర్డు ముందు కూర్చుని లాగ్ కోసం ఎదురుచూడటం ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుసు.

దీనికి మందు: స్ట్రక్చర్‌లో "పోయింది" అనే ఫ్లాగ్, దానికి కాపలాగా ఒక లాక్. ప్రతి ఫైల్ ఆపరేషన్ హార్డ్‌వేర్‌ని ముట్టుకునే ముందు లాక్ పట్టుకుని ఫ్లాగ్ చూడాలి, పోయి ఉంటే ఈనోడెవ్ (డివైస్ లేదు అనే ఎర్రర్) తిప్పి పంపాలి, ముట్టుకోవడం పూర్తయ్యేదాకా లాక్ వదలకూడదు. ఫ్లాగ్ ఉంది కానీ లాక్ లేదు అంటే ఆ ఫ్లాగ్ అలంకారమే. చూసిన తర్వాత, వాడే ముందు, ఆ రెండు లైన్ల మధ్యే రిమూవ్ మొత్తం జరిగిపోగలదు. నేను ఎక్కువగా రీడ్-రైట్ సెమాఫోర్ వాడతాను: ఆపరేషన్లు రీడ్ వైపు, రిమూవ్ రైట్ వైపు. వేగం బాగా కావలసిన చోట ఎస్‌ఆర్‌సీయూ (చదివేవాళ్లని ఆపకుండా కాపలా కాసే పద్ధతి). గ్రాఫిక్స్ సబ్‌సిస్టమ్‌లో డీఆర్‌ఎం_డెవ్_ఎంటర్, డీఆర్‌ఎం_డెవ్_ఎగ్జిట్ జంట చేసేది సరిగ్గా ఇదే, లోపల ఉన్నది ఎస్‌ఆర్‌సీయూనే. రస్ట్‌లో రాసే డ్రైవర్లకి రివోకబుల్ అని ఒక టైపే ఉంది, అక్కడ తనిఖీ చేయకుండా హార్డ్‌వేర్‌ని ముట్టుకోవడానికి కంపైలరే ఒప్పుకోదు. సీలో మనకి ఆ భాగ్యం లేదు, మనమే చేతితో చేసుకోవాలి.

నిద్రపోయే రీడ్ దగ్గర జాగ్రత్త. డేటా వచ్చేదాకా ఆగే రీడ్, సెమాఫోర్ పట్టుకునే నిద్రపోతే, రిమూవ్ రైట్ వైపు లాక్ కోసం ఆగిపోతుంది, డేటా పంపాల్సిన హార్డ్‌వేర్ పోయింది కాబట్టి రీడ్ ఎప్పటికీ లేవదు, రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి. అందుకని రీడ్‌ని ఇలా రాయండి: లాక్ లేకుండానే వెయిట్ క్యూ మీద నిద్రపోవాలి, షరతు "డేటా ఉంది లేదా పోయింది". లేచాక లాక్ పట్టుకుని మళ్లీ ఫ్లాగ్ చూడాలి. పోయి ఉంటే ఈనోడెవ్. డేటాని ఈలోపు ఇంకో రీడర్ ఎత్తుకుపోయి ఉంటే లాక్ వదిలి మళ్లీ మొదటికి. రిమూవ్ వైపు: రైట్ లాక్ పట్టుకుని ఫ్లాగ్ పెట్టి, వదిలి, వెయిట్ క్యూలో అందరినీ లేపాలి. పోల్‌లో కూడా పోయి ఉంటే హ్యాంగప్ బిట్ ఇవ్వండి, లేకపోతే ఈపోల్‌తో ఫైల్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న అప్లికేషన్‌కి ఏమీ తెలియదు, అది ఫైల్ మూయదు, మీ మెమరీ అలా వేలాడుతూనే ఉంటుంది. అది లీక్ కాదు గానీ చూసేవాళ్లకి లీక్‌లాగే ఉంటుంది.

ఇంటరప్ట్, టైమర్, వర్క్‌క్యూ: ఈ మూడూ ఫైల్ తెరవకుండానే మీ ఆబ్జెక్ట్‌ని పట్టుకుని ఉన్నవాళ్లు. రిమూవ్ నుంచి బయటికొచ్చే ముందే వీటి కథ ముగిసిపోవాలి. క్రమం ముఖ్యం: ముందు పని పుట్టించేవాటిని ఆపి, తర్వాత పుట్టిన పనిని ఆపాలి. అంటే హార్డ్‌వేర్‌లో ఇంటరప్ట్ మాస్క్ చేయడం, తర్వాత ఇంటరప్ట్ వదలడం, ఆ తర్వాత టైమర్, ఆఖర్న క్యాన్సిల్_వర్క్_సింక్. తలకిందులుగా చేస్తే, మీరు వర్క్ క్యాన్సిల్ చేసి ఊపిరి పీల్చుకునే లోపు ఒక ఇంటరప్ట్ వచ్చి దాన్ని మళ్లీ క్యూలో వేస్తుంది.

డెవ్‌ఎం_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ ఇక్కడ కాస్త మోసం చేస్తుంది. అది వదిలేది రిమూవ్ తర్వాత కాబట్టి, రిమూవ్ నడుస్తున్నంతసేపూ హ్యాండ్లర్ రావచ్చు. డెవ్‌ఎం_ఫ్రీ_ఐఆర్‌క్యూని రిమూవ్‌లో మీరే పిలవండి, లేదా ఇంటరప్ట్‌ని మామూలుగానే తీసుకోండి. కొందరు డిసేబుల్_ఐఆర్‌క్యూ పిలిచి సరిపెడతారు. ఆ లైన్ ఇంకో డివైస్‌తో పంచుకున్నదైతే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు పక్క డివైస్ పని ఆగిపోతుంది. పంచుకున్న లైన్ల కోసం డీబగ్_ఎస్‌హెచ్‌ఐఆర్‌క్యూ అనే కాన్ఫిగ్ ఉంది, అది ఇంటరప్ట్ వదిలేటప్పుడు కావాలనే మీ హ్యాండ్లర్‌ని ఇంకోసారి పిలుస్తుంది. అప్పుడు పడిపోతే క్రమం తప్పినట్టే.

టైమర్ వర్క్‌ని క్యూ చేస్తుంది, వర్క్ మళ్లీ టైమర్‌ని పెడుతుంది: ఈ చక్రం పోలింగ్ చేసే డ్రైవర్లన్నింట్లో ఉంటుంది. నేను ఒకసారి చూసిన సెన్సర్ డ్రైవర్లో టైమర్ డిలీట్ సింక్ తర్వాత క్యాన్సిల్ వర్క్ సింక్ పద్ధతిగానే ఉన్నాయి, అయినా ఎప్పుడో ఒకసారి పడిపోయేది. జరిగేది ఏమిటంటే, టైమర్ డిలీట్ అయ్యేసరికి వర్క్ సగంలో ఉంది; క్యాన్సిల్ అది పూర్తయ్యేదాకా ఆగింది; పూర్తయ్యే ముందు దాని ఆఖరి లైన్ టైమర్‌ని మళ్లీ పెట్టింది. రెండు సింక్‌లూ సక్సెస్, రిమూవ్ అయిపోయింది, మెమరీ పోయింది, కొన్ని మిల్లీసెకన్లకి టైమర్ మోగింది. వరస మార్చినా లాభం లేదు, చక్రం ఎక్కడ పట్టుకున్నా చక్రమే. 6.2లో వచ్చిన టైమర్_షట్‌డౌన్_సింక్ దీనికోసమే పుట్టింది: టైమర్‌ని ఆపడమే కాదు, ఆ తర్వాత ఎవరు పెట్టబోయినా పెట్టనివ్వదు. పాత కెర్నల్‌లో అయితే వర్క్ ఆఖర్న ఆ "పోయింది" ఫ్లాగ్‌ని లాక్ కింద చూసి టైమర్ పెట్టకుండా ఉండాలి. యూఎస్‌బీలో తనని తానే మళ్లీ సబ్మిట్ చేసుకునే యూఆర్‌బీలకి (యూఎస్‌బీ డేటా రిక్వెస్టులు) యూఎస్‌బీ_పాయిజన్_యూఆర్‌బీ కూడా ఇదే పని చేస్తుంది.

డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా హార్డ్‌వేర్ నేరుగా మెమరీలో చదవడం, రాయడం) గురించి మీరు అడగలేదు, కానీ మీ డ్రైవర్లో ఉంటే అన్నిటికన్నా ప్రమాదం అదే. డీఎంఏ ఇంజిన్ నడుస్తుండగా బఫర్ వదిలేస్తే, హార్డ్‌వేర్ తన మానాన తాను ఆ చిరునామాలో రాస్తూనే ఉంటుంది. ఆ పేజీ ఈపాటికి ఎవరిదో. కాసాన్ (తప్పుడు మెమరీ వాడకాన్ని పట్టే కెర్నల్ సాధనం) దీన్ని పట్టుకోలేదు, అది సీపీయూ నడిపే కోడ్ చేసే రీడ్లు, రైట్లు మాత్రమే చూస్తుంది. డివైస్ చేసే రైట్ దాని కంటికి కనపడదు. ఐఓఎంఎంయూ (డివైస్ ఏ మెమరీని ముట్టుకోవచ్చో కాపలా కాసే హార్డ్‌వేర్) ఉంటే ఫాల్ట్ వచ్చి దొరుకుతుంది. లేకపోతే సంబంధమే లేని ఫైల్‌సిస్టమ్‌లోనో నెట్‌వర్క్ స్టాక్‌లోనో పడిపోతుంది, ఆ టీమ్ వాళ్లు తమ కోడ్‌లో వెతుక్కుంటూ ఉంటారు. డంప్‌లో పాడైన చోట ఉన్న బైట్లు మీ డివైస్ పంపే ప్యాకెట్ హెడర్‌లా కనిపిస్తే మాత్రం ఇంక ఎవరినీ అడగక్కర్లేదు. ఇంజిన్‌కి స్టాప్ రాయడం చాలదు, ఆగిందని స్టేటస్ బిట్ చెప్పేదాకా చదవండి, తర్వాతే బఫర్ వదలండి.

కేరెఫ్ గురించి ఇంకో రెండు ముక్కలు. లిస్ట్‌లోనో ఐడీఆర్‌లోనో (నంబర్‌తో ఆబ్జెక్ట్ దొరికే పట్టిక) వెతికి ఆబ్జెక్ట్ తీసుకునే చోట ఉత్త కేరెఫ్_గెట్ చాలదు, మీకు దొరికేసరికే దాని కౌంట్ సున్నా అయి ఉండొచ్చు. వెతకడాన్ని, ఆఖరి పుట్‌ని ఒకే లాక్ కింద పెట్టండి (కేరెఫ్_పుట్_మ్యూటెక్స్ అందుకే ఉంది), లేదంటే కేరెఫ్_గెట్_అన్‌లెస్_జీరో వాడి, మెమరీ వదలడాన్ని ఆర్‌సీయూతో (చదువుతున్నవాళ్లంతా ముగించేదాకా ఆగే పద్ధతి) వాయిదా వేయండి. మీ సొంత కాల్‌బ్యాక్‌తో కాల్_ఆర్‌సీయూ వాడితే మాడ్యూల్ ఎగ్జిట్‌లో ఆర్‌సీయూ_బారియర్ తప్పనిసరి, లేకపోతే కాల్‌బ్యాక్ నడిచేసరికి దాని కోడే ఉండదు. 2017 నుంచి, అంటే 4.11 నుంచి, కేరెఫ్ లోపల రెఫ్‌కౌంట్_టీ ఉంది కాబట్టి సున్నా మీద గెట్ చేస్తే "సున్నాకి కలుపుతున్నారు, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ" అన్న అర్థంలో వార్నింగ్ వస్తుంది. ఆ వార్నింగ్‌ని మామూలు సంగతి అనుకుని వదిలేయకండి.

ఆఖరి పుట్ ఎక్కడ జరుగుతుందో మీ చేతిలో ఉండదు, ఇంటరప్ట్ హ్యాండ్లర్లో కూడా జరగొచ్చు. మీ రిలీజ్‌లో మ్యూటెక్స్ పట్టుకోవడమో, నిద్రపోయే పనో ఉంటే ఒకరోజు అది అటామిక్ (నిద్రపోకూడని) సందర్భంలో పిలవబడుతుంది. అలాంటి పని ఉంటే రిలీజ్ నుంచి ఒక వర్క్ వేసి అందులో చేయండి.

ప్రోబ్ ఎర్రర్ దారుల గురించి క్లుప్తంగా: డెవ్‌ఎంనీ చేతితో వదిలేవాటినీ అడ్డదిడ్డంగా కలిపితే వదిలే క్రమం చెడుతుంది. చేతితో చేసే పని మధ్యలో వస్తే దాన్ని డెవ్‌ఎం_యాడ్_యాక్షన్_ఆర్_రీసెట్‌తో వరసలో దూర్చేయండి. ప్రోబ్ లోపల తాత్కాలికంగా వాడే మెమరీకి, లాకులకి 6.5లో వచ్చిన స్కోప్ ఆధారిత క్లీనప్ చాలా హాయిగా ఉంటుంది, కానీ ఒకే ఫంక్షన్‌లో అదీ గోటూ కలిపి వాడకండి, చదివేవాళ్లకి తల తిరుగుతుంది.

సరే, ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని ఎలా తెలుస్తుంది? కాసాన్ ఆన్ చేసిన కెర్నల్ మీద (4.0 నుంచి ఉంది) ఒక చిన్న ప్రోగ్రాం ఫైల్ తెరిచి రీడ్‌లో నిద్రపోతూ ఉండాలి, ఇంకో షెల్ నుంచి అన్‌బైండ్, బైండ్ లూప్‌లో నడవాలి, మధ్యలో ప్రోగ్రాంని చంపి మళ్లీ మొదలుపెట్టాలి. కాసాన్ రిపోర్ట్‌లో మూడు స్టాకులు వస్తాయి: ఎవరు ముట్టుకున్నారు, ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలారు. మీ కేసులో వదిలినవాళ్ల స్టాక్‌లో డెవ్‌రెస్_రిలీజ్_ఆల్ కనిపిస్తుంది, అదే చూడగానే సంగతి తేలిపోతుంది. కాసాన్ నడపలేని చిన్న బోర్డు అయితే స్లబ్ డీబగ్‌లో పాయిజనింగ్ (వదిలిన మెమరీని గుర్తు విలువతో నింపడం) పెట్టండి. ఊప్స్‌లో రిజిస్టర్ విలువ 6బీ6బీ6బీ6బీ అని వరసగా ఉంటే అది వదిలేసిన మెమరీ నుంచి చదివిన పాయింటర్.

డీబగ్_కోబ్జెక్ట్_రిలీజ్ కాన్ఫిగ్ కూడా ఆన్ చేయండి. అది ఆఖరి పుట్ తర్వాత రిలీజ్‌ని కావాలనే కొన్ని సెకన్లు ఆలస్యం చేస్తుంది, పుట్_డివైస్ పిలవగానే మెమరీ పోతుందని ఊహించుకుని రాసిన కోడ్ అంతా బయటపడుతుంది. డీబగ్_టెస్ట్_డ్రైవర్_రిమూవ్ అయితే ప్రతి డ్రైవర్‌నీ ప్రోబ్ చేసి, రిమూవ్ చేసి, మళ్లీ ప్రోబ్ చేస్తుంది. దీన్ని ఆన్ చేసి బూట్ చేస్తే మీ డ్రైవర్ కన్నా ముందు వేరేవాళ్ల డ్రైవర్లు పడిపోయే అవకాశం ఉంది, నిరుత్సాహపడకండి. టైమర్ నడుస్తుండగా మెమరీ వదిలితే పట్టుకోవడానికి డీబగ్ ఆబ్జెక్ట్స్ ఉంది, పైన చెప్పిన సెన్సర్ డ్రైవర్ చక్రం దొరికింది దాంతోనే.

ఇక మీ చివరి ప్రశ్న, అన్‌బైండ్‌ని ఆపేయొచ్చా అని. డ్రైవర్ స్ట్రక్చర్‌లో సప్రెస్_బైండ్_యాట్రిబ్స్ పెడితే సిస్‌ఎఫ్‌ఎస్‌లో బైండ్, అన్‌బైండ్ ఫైళ్లు మాయమవుతాయి. చిప్ లోపలే ఉండే ఇంటరప్ట్ కంట్రోలర్, క్లాక్ కంట్రోలర్ లాంటివాటికి అది న్యాయమే, వాటిని తీసేస్తే సిస్టమే నిలబడదు. కానీ అది ఒక తలుపు మాత్రమే మూస్తుంది. మాడ్యూల్‌గా కట్టిన డ్రైవర్‌ని తీసేసినా, పేరెంట్ బస్ పోయినా, ఓవర్‌లే తీసినా రిమూవ్ వస్తుంది. రిమూవ్ నుంచి ఎర్రర్ పంపితే ఆగుతుందిలే అనుకునేవాళ్లూ ఉన్నారు. డ్రైవర్ కోర్ ఆ విలువని ఎప్పుడూ పట్టించుకోలేదు, 6.11 నుంచి ప్లాట్‌ఫాం డ్రైవర్ రిమూవ్ రిటర్న్ టైపే వాయిడ్ చేసేశారు. మీ బోర్డులో ఆ బ్లాక్ నిజంగా చిప్ లోపలే ఉండి, డ్రైవర్ కెర్నల్‌లోనే కలిపి కట్టి, ఓవర్‌లేలు వాడకపోతే, రిలీజ్ దగ్గర పడాల్సినంత పాకులాట లేకుండా సప్రెస్ పెట్టి ఇప్పటికి బయటపడొచ్చు. అదే ఐపీని (హార్డ్‌వేర్ డిజైన్ బ్లాక్‌ని) రేపు పీసీఐ కార్డు మీద పెడతారేమో మీ హార్డ్‌వేర్ వాళ్లని ముందు అడగండి. పెడతామంటే ఇప్పుడే మార్చండి. ఫైల్ ఆపరేషన్లు ఇంకా నాలుగైదే ఉన్నప్పుడు ఆ లాక్ దూర్చడం సులువు, ఐఓసీటీఎల్‌లు ముప్పై అయ్యాక ఎవరూ ఆ పనికి చేయి పెట్టరు.